జైనాబీ బాత్‌రూముకు బాపయ్య వేసిన ప్లాను

మొదట బాపయ్య చెప్పింది చిన్న సంగతే. నరసరావుపేటలో తన తోడల్లుడి ఇంట్లో బాత్‌రూము తలుపు లోపలికి తెరుచుకుని ప్రతిసారీ బకెట్టుకు తగులుతుంటే, మడతబందులు ఊడదీసి అది బయటికి తెరుచుకునేటట్టు తానే మార్చానన్నాడు. అంతవరకు నమ్మదగ్గ మాటే. స్క్రూడ్రైవరు పట్టుకోవడం తెలిసినవాళ్లెవరైనా అరపూటలో చేసే పని. అందుకే చిలకలూరిపేట హైవే మీద, పత్తి జిన్నింగు మిల్లుకు ఎదురుగా ఉన్న జైనాబీ టీ కొట్టు ముందు ఎవరూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడం పొరపాటని కాసేపట్లోనే తెలిసింది.

బాపయ్య ఆ మిల్లులోనే ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. దిగిపోయాక కూడా కాళ్లు ఆ దారి మానలేదు. రోజూ మూడు గంటలకు వచ్చి, కొట్టు ముందు బెంచీ మీద ఓ కొస పట్టి, మొదటి టీ తాగేలోపు ఏదో ఒకటి ఎత్తుకునేవాడు. తుఫాను రోజున తాటిచెట్టును ఒంటిచేత్తో పట్టుకుని నిలబెట్టిన సంగతి, మిల్లులో అగ్గి పుడితే మజ్జిగతో ఆర్పిన సంగతి, అలాంటివి. విన్నవాళ్లకు కాలక్షేపం, చెప్పినాయనకు తృప్తి. వాటి వల్ల ఇంతవరకు ఎవరికీ నష్టం రాలేదు.

ఆ రోజు సంగతి వేరు. తెల్లారితే మేస్త్రీ జాన్ బాషా వచ్చి, కొట్టు వెనక జైనాబీ ఇంట్లో పాత బాత్‌రూము పగలగొట్టాలి. శుక్రవారానికి ఆమె కూతురు రుక్సానా బళ్లారి నుంచి పురుటికి వస్తోంది. ఎనిమిదో నెల. కాళ్లకు నీరు పట్టింది. గొంతుక్కూర్చుంటే లేవలేకపోతోంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే సీటు ఉంటేనే పుట్టింటికి పంపండి అని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. జైనాబీ ఇంట్లో ఉన్నది నేల సీటు. భర్త అలీ సాహెబ్ బతికుండగా కట్టించింది. ఆయన పోయి ఆరేళ్లయింది. గది పొడవు ఆరడుగులు, వెడల్పు అయిదు. అందులోనే స్నానం, అందులోనే దొడ్డి, అందులోనే నీళ్ల డ్రమ్ము.

పది రోజులుగా జైనాబీకి ఆ ముప్పై చదరపు అడుగులు తప్ప వేరే ఆలోచన లేదు. వంటింటి నేల మీద బొగ్గుతో గీసి, చూసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ గీసేది. సీటు ఎటు తిరిగి ఉండాలన్నది ఒక్కటే తేలిన విషయం. కాబా పడమర వైపు ఉంటుంది కనుక పడమటికి ముఖంగానూ ఉండకూడదు, వీపుగానూ ఉండకూడదు. కనుక గోడకు ఆనించి, దక్షిణానికి తిరిగి కూర్చునేట్టు పెట్టాలి. మిగతావేవీ తేలలేదు. కుళాయి ఎటు, బకెట్టు ఎటు, తడి ఎటు పోవాలి, పిల్ల జారిపోకుండా నేల ఎలాంటిది వెయ్యాలి. గోడ చెక్కి గొట్టం లోపల పెట్టి పైన టైల్సు అతికించాక, తప్పయిందని మళ్లీ పగలగొట్టడానికి వ్యవధి లేదు. కూతురికి ఫోను చేసి అడిగితే, నీ ఇష్టం అమ్మీ అంది. ఆ మాటతో జైనాబీకి ఉన్న కాస్త నిద్రా పోయింది.

జాన్ బాషాను అడిగితే, మీరెట్లా చెబితే అట్లా చేస్తానక్కా అన్నాడు. టైల్సు అతికించడంలో అతని చెయ్యి మంచిది. అయితే ఇంత చిన్న గదిలో అలాంటి సీటు అతనూ పెట్టలేదు. ఆ మధ్యాహ్నం కొలతలు ఖాయం చేసుకుందామని ముగ్గు సంచి, టేపు పట్టుకుని వచ్చి బెంచీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే బాపయ్య వచ్చాడు. సంగతి విన్నాడు. బాత్‌రూము ప్లానా, దానికి ఇంత ఆలోచనా, నన్నొక్కమాట అడగొద్దా అని తోడల్లుడి తలుపు దగ్గర మొదలుపెట్టాడు.

జైనాబీకి ఆయన తాటిచెట్టు కథ గుర్తుంది. అయినా ఫిట్టరు కదా, గొట్టాలూ కుళాయిలూ చేతితో పట్టిన మనిషి కదా అనుకుంది. పాలు పొంగకుండా మంట తగ్గించి, చెవి అటు పడేసింది.

అక్కడ ఇంకో ఇద్దరున్నారు. ఒకడు ఆదాం, లారీ డ్రైవరు. మిల్లు గేటు ముందు పత్తి లారీల వరసలో అతనిది పదకొండోది, సాయంత్రం దాకా కదిలేది కాదు. రెండోవాడు పేరయ్య, పక్క ఊళ్లో మిరప రైతు. పురుగుమందు కొనుక్కుని బస్సు కోసం ఆగాడు. బాపయ్యకూ అతనికీ ఏరా అంటే ఏరా అనుకునే చనువు.

తోడల్లుడి తలుపు మారిందన్న వార్త గుంటూరు చేరిందట. ఎలా చేరిందని ఆదాం అడిగాడు. తలుపు చప్పుడు మారింది కదరా, అది విని పాలవాడు చెప్పాడు, పాలవాడి మాట పట్టుకుని మిర్చి కమీషను వ్యాపారి ఒకాయన తెల్ల కారు పంపించాడు, అని బాపయ్య సాగించాడు. ఆ వ్యాపారికి మేడ ఉంది, మేడ మీద మేడ ఉంది, బాత్‌రూముకు మాత్రం నాలుగడుగులకు నాలుగడుగులే మిగిలింది. అందులో ఆయనకు సీటు కావాలి, వాష్‌బేసిన్ కావాలి, గీజరు కావాలి, ఇంగ్లీషువాళ్ల తొట్టి కావాలి. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీర్లు ముగ్గురు చూసి, మా వల్ల కాదని దణ్ణం పెట్టి వెళ్లిపోయారట.

"నేను లోపలికెళ్లి తలుపేసుకున్నా. గంటసేపు కళ్లు మూసుకుని నిలబడ్డా. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? అన్నీ గుండ్రంగా సర్దా. ఆయన మధ్యలో ఒక్క చోట నిలబడితే చాలు, అడుగు కదపనక్కర్లా. ఇటు చెయ్యి చాస్తే పళ్లు తోముకోవచ్చు, అటు చాస్తే గడ్డం గీసుకోవచ్చు, వెనక్కి వాలితే స్నానం, ముందుకు వంగితే ఫోను."

వ్యాపారికి అది ఎంత నచ్చిందంటే మూడు రోజులు బయటికే రాలేదట. మిర్చి బేరాలన్నీ వెంటిలేటరులోంచే జరిగాయట. బొంబాయి నుంచి వచ్చిన పార్టీలు సందులో నిలబడి, కాయల శాంపిళ్లు కర్రకు కట్టి పైకి అందించారట. మూడు రోజులూ తిండెట్లా అని ఆదాం అడిగాడు. సబ్బు పెట్టె పక్కనే ఇడ్లీలకు ఒక అర పెట్టించాను గదరా అన్నాడు బాపయ్య, ఆ మాత్రం ఆలోచించకుండా ప్లాను గీస్తామా అన్నట్టు.

జైనాబీ నాలుగు గ్లాసుల్లో టీ పోసి అందించింది. నాలుగడుగుల్లో అన్నీ పట్టాయంటే తనకున్న ఆరూ అయిదులో సీటూ డ్రమ్మూ పట్టకపోవు. ఇడ్లీల అర తీసేసి చూస్తే ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందేమోనని వెతుక్కుంది. ఇంకా ఏదీ దొరకలేదు.

ఆ తర్వాత వాటం సంగతి వచ్చింది. నీళ్లు నిలవకుండా తూము వైపు పారేందుకు నేలకు ఇచ్చే వాలును మేస్త్రీలు వాటం అంటారు. ఆ మాట వినగానే జైనాబీ గరిటె దించి ముందుకొచ్చింది. రుక్సానా జారేది ఏదైనా ఉంటే అది నిలవనీళ్ల మీదే.

వ్యాపారి బాత్‌రూముకు బాపయ్య ఇచ్చిన వాటం అలాంటిలాంటిది కాదు. గోళీ వేస్తే కనపడకుండా పోయేదట. వ్యాపారి భార్య నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుంటే, అవి పాదాల దాకా రాకముందే తూములోకి వెళ్లిపోయేవట. స్నానం చేసి వచ్చిన మనిషికి కాళ్లు పొడిగా ఉండేవట. ఒకనాడు ఆవిడ చేతిలోంచి కొత్త గంధం సబ్బు జారింది. తూములో పడింది, కాలవలో పడింది, కాలవలోంచి వాగులో పడింది. సాయంత్రం అయిదింటికి ఒంగోలు అవతల కొత్తపట్నం దగ్గర సముద్రంలో చేపల వలకు తగిలింది.

"గుంటూరు నుంచి కొత్తపట్నం దాకా పోయేసరికి సబ్బు అరిగిపోదా?" అన్నాడు పేరయ్య.

"అరగడానికి నీళ్లకు టైమేదిరా? అంత జోరుగా పోతే తడిసే లోపే చేరిపోయింది. దాని మీద అక్షరాలు కూడా చెరగలేదు."

వలవాళ్లు నిజాయితీపరులు కనుక, ఆ సబ్బును అరటాకులో చుట్టి, దానితో పాటు ఒక గంప వంజరం చేపలు కూడా పెట్టి, ఒంగోలు బస్సులో తిప్పి పంపించారట. గంధం వాసనకు ఆ వారమంతా చేపలు వాటంతటవే ఒడ్డుకొచ్చాయి, అందుకు కృతజ్ఞత.

జైనాబీ ఇక ఆగలేక, మా దానికి ఎంత వాటం పెట్టించాలి బాబాయ్ అని అడిగింది. అడుగుకు పావంగుళమా, అరంగుళమా, ఎక్కువైతే పిల్ల కాలు నిలుస్తుందా. బాపయ్య టీ గ్లాసు ఎత్తి పట్టుకుని, నీకెందుకమ్మాయ్ అవన్నీ, నేను చూసుకుంటాగా అన్నాడు. ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. జాన్ బాషా టేపును బయటికి లాగి, చూసి, మళ్లీ లోపలికి వదిలాడు.

రోడ్డు మీద ఒక పత్తి లారీ పోయింది. దాని వెనక గాలికి దూది పింజలు లేచి కొట్టు ముందుకు వచ్చాయి. ఒకటి బాపయ్య టీలో పడింది. దాన్ని వేలితో తీసి అవతల పారేస్తూనే ఆయన నల్లపాడులో ఎగ్జాస్టు ఫ్యాను సంగతి అందుకున్నాడు.

నల్లపాడు స్టేషను పక్కన ఒక రిటైర్డు మాస్టారి ఇల్లు. బాత్‌రూములో గాలి ఆడటం లేదన్నాడు మాస్టారు. బజార్లో దొరికే ఫ్యాన్లు బాపయ్యకు ఆనలేదు. మిల్లులో కుప్పలోంచి పత్తిని పీల్చే పెద్ద ఫ్యాను పాతదొకటి పడుంటే, దాన్ని తెచ్చి వెంటిలేటరుకు బిగించాడు. కంగారులో తిరగవలసిన వైపు కాకుండా రెండో వైపు తిరిగింది. అంటే లోపలి గాలిని బయటికి నెట్టకుండా బయటి గాలిని లోపలికి లాగడం మొదలెట్టింది.

"లాగితే ఏమైందో చెప్పనా? రోడ్డు మీద పోయే లారీల్లోంచి పత్తి మొత్తం వచ్చి బాత్‌రూములో పడింది. మాస్టారు గారి భార్య బసవమ్మగారు రెండు పరుపులు, నాలుగు దిళ్లు కుట్టించుకుంది. నువ్వప్పుడు ఆ రోడ్డునే తిరిగేవాడివిరా ఆదాం, నీ లారీ తూకం తగ్గలా?"

తన లారీ ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుందని, అయితే దానికి ఇంతవరకు వేరే కారణాలు చెప్పుకుంటున్నారని ఆదాం ఒప్పుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేదట. మాఘమాసం, మిర్చి యార్డు నిండా కాయ. ఫ్యాను లాగిన లాగుడుకు గుంటూరు ఘాటు మొత్తం వచ్చి ఆ బాత్‌రూములో దూరింది. యార్డులో హమాలీలు పదేళ్లలో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. బాత్‌రూములో ఉన్న మాస్టారు మాత్రం ఒక్క తుమ్ము తుమ్మాడు. గోడల మీది టైల్సు నూట నలభై, ఒక్కటి మిగలకుండా ఊడి నేలపడ్డాయి. ఆయన రెండో తుమ్ముకు అవన్నీ మళ్లీ ఎక్కడివక్కడ అతుక్కున్నాయి.

పేరయ్యకు మిరప సంగతి తెలుసు, తుమ్ము సంగతీ తెలుసు. తుమ్ముకు ఊడినవి తుమ్ముకే ఎలా అతుక్కుంటాయని అడిగాడు.

"తుమ్మే ముందు మనిషి ఊపిరి లోపలికి లాగుతాడా లేదా? ఆ లాగుడుకు లేచాయి. తర్వాత వచ్చే తుమ్ముకు గోడకు కొట్టుకున్నాయి. నీకు తర్కం తెలీదురా పేరయ్యా, పురుగుమందు తప్ప."

జాన్ బాషా తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. ఆయన ముందు నవ్వలేడు. వాళ్ల నాన్నా బాపయ్యా మిల్లులో ఒకే షిఫ్టులో పనిచేశారు. చిన్నప్పుడు బాపయ్య భుజమ్మీద కూర్చుని తిరునాళ్లు చూసినవాడు. జైనాబీకి ఆ సంగతి తెలుసు. తెలుసు కనుకే ఆమెకు లోపల ఒక బెదురు పట్టుకుంది. ఈయన రేపు పొద్దున పని దగ్గరికి వచ్చి నిలబడి ఇట్లా పెట్టరా అంటే, జాన్ బాషా అట్లాగే పెడతాడు. చేపలూ పరుపులూ సరదాకే. గోడ మాత్రం తన ఇంటిది.

ఈలోగా కథ దిక్కుల దాకా వెళ్లింది. అన్నదమ్ములిద్దరు, ఒకే ఇల్లు, ఒకే బాత్‌రూము. అన్న వాస్తు సిద్ధాంతి సీటు ఉత్తరానికి తిరగాలంటాడు, తమ్ముడి సిద్ధాంతి దక్షిణానికి తిరగాలంటాడు. ఇల్లు రెండు ముక్కలయ్యే పరిస్థితి. బాపయ్య మిల్లులో జిన్ను రోలరు నుంచి తీసేసిన బేరింగు ఒకటి తెచ్చి, సీటు కింద పెట్టి బిగించాడు. అన్న కూర్చుంటే ఉత్తరానికి తిరుగుతుంది, తమ్ముడు కూర్చుంటే దక్షిణానికి. మనిషి బరువును బట్టి దానికే తెలిసిపోతుందట. ఆ ఇంట్లో పొయ్యి వేరు కాలేదంటే దానికి కారణం ఆ బేరింగేనట.

"గ్రీజు పెట్టడం ఒక్కటే మర్చిపోకూడదు. ఒకసారి మర్చిపోతే పెద్దాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే నలభై చుట్లు తిరిగాడు. దిగి వచ్చి, మా ఆవిడ ఇద్దరిగా కనపడుతోందన్నాడు."

అది రైల్వేవాళ్ల చెవిన పడింది. ఎందుకంటే రైలుకు ఉన్న బాధే అది. పట్టాలు వంకర తిరిగినప్పుడల్లా లోపల కూర్చున్నవాడి దిక్కు మారిపోతుంది. ఆచారం ఉన్నవాళ్లకు ఎంత ఇబ్బంది. వాళ్లు బాపయ్యను నల్లపాడు స్టేషనులో ప్రత్యేకంగా ఒక పెట్టె ఆపి ఎక్కించుకుని ఢిల్లీ తీసుకెళ్లారట. ఆయన ప్రతి బాత్‌రూములోనూ బేరింగు పెట్టించాడు. రైలు తిరుగుతుంది, సీటు తిరగదు. గుంటూరులో ఉత్తరానికి కూర్చున్నవాడు సికింద్రాబాదులో ఉత్తరానికే దిగుతాడు. పొగమంచులో దారి తెలియనప్పుడు డ్రైవర్లు ఇంజను వదిలి వెనక్కొచ్చి, బాత్‌రూములో చూసి దిక్కు తెలుసుకునేవాళ్లు.

అప్పటికి బాపయ్యకు ఎదురు లేకుండా పోయింది. గ్లాసు ఖాళీ అయిన సంగతి కూడా గమనించలేదు. ఆకాశం వైపు ఒకసారి చూశాడు. చూసేసరికి అక్కడ కూడా తన పని ఒకటి గుర్తొచ్చింది.

కిందటేడు నెల్లూరు అవతల సముద్రపొడ్డున రాకెట్లు వదిలేవాళ్లు ఫోను చేశారట. ఎక్కడికో కాదు, ఇదిగో ఈ కొట్టు పక్కనున్న రూపాయి బిళ్ల ఫోనుకే. జైనాబీ అప్పుడు పాలకు వెళ్లిందట. పైన మనిషిని ఉంచాలనుకుంటున్నారు, అన్నీ కుదిరాయి, బాత్‌రూము దగ్గర ఆగిపోయింది. అక్కడ ఉత్తరం లేదు, దక్షిణం లేదు, కింద అనేదే లేదు. నీళ్లు పోస్తే పోసినచోటే ఉంటాయి. దేశంలో పెద్ద పెద్ద తలకాయలన్నీ చేతులెత్తేశాయి.

"నేనొకటే అన్నా. అయ్యా, దిక్కు లేని చోట దిక్కు పెట్టడం బేరింగు పని, అది మీకు పంపిస్తా. నీళ్లకు వాటం మాత్రం నేనే స్వయంగా పైకొచ్చి ఇవ్వాలి, ఫోనులో చెబితే అయ్యేది కాదు. మా ఆవిడ ఒప్పుకోలా. అక్కడ భోజనం సరిగ్గా ఉండదని."

ఆదాం ఆకాశం వైపు చూసి, బీడీ ఆర్పేశాడు. పేరయ్య పురుగుమందు సీసా ఉన్న సంచిని ఒళ్లోంచి బెంచీ మీదికి మార్చి, అదంతా బాగానే ఉంది, ఈ అమ్మాయి పిల్ల శుక్రవారం దిగుతోంది, దీనికేం చేస్తావో అది చెప్పమన్నాడు.

బాపయ్య అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు. జాన్ బాషా ముందున్న సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు ముగ్గు తీసుకున్నాడు. కట్టుబడికి ముందు మేస్త్రీలు నేల మీద ముగ్గు పోసి గోడలు ఎక్కడొస్తాయో చూపిస్తారు. బాపయ్య కొట్టు ముందు, ఊడ్చిన నేల మీద, జాన్ బాషా చేత టేపు పట్టించి ఆరడుగులకు అయిదడుగులు గీత పోశాడు. గీత తిన్నగా ఉంది. అది ఒప్పుకోవాలి. కొట్టు వైపు గోడకు ఆనించి సీటు ఇదిగో అని సున్నా చుట్టాడు. అవతలి మూలన డ్రమ్ము. తన కుడిచేతి వైపు తలుపు. తర్వాత సీటుకు ఎదురుగా నిలబడి, నడుం మీద ఎడమచెయ్యి పెట్టుకుని, కుడిచేత్తో తలుపు గోడ వైపు ముగ్గు చల్లి, కుళాయి ఇక్కడ అన్నాడు. కుడి పక్కన, చేతికి అందేట్టు, కూర్చున్నవాడు వెతుక్కోకుండా.

జాన్ బాషా ఏదో అనబోయి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

జైనాబీ అది చూసింది. ముగ్గు వైపు చూసింది. కుడి పక్కన అన్న మాట సరైన మాటే. అయినా ఏదో తేడాగా ఉంది, అదేమిటో అంతుపట్టలేదు. వేసంగిలో ఆమె బళ్లారి వెళ్లి, కూతురి అద్దె ఇంట్లో ఎనిమిది రోజులు ఉండి వచ్చింది. ఆ ఇంట్లో అలాంటి సీటే. అక్కడ తన చెయ్యి ఎటు వెళ్లేదో గుర్తు తెచ్చుకోవడానికి నిలబడే చెయ్యి కదిపింది. నిలబడితే గుర్తు రాలేదు. వంటింటి నేల మీద ఇన్నాళ్లూ తాను కూడా నిలబడే గీసిందని అప్పుడు తట్టింది.

ఆమె పొయ్యి కట్టేసి లోపలికి వెళ్లి, గ్లాసులు పెట్టుకునే చెక్క స్టూలు, నీళ్ల మగ్గు తీసుకొచ్చింది. స్టూలును సున్నాలో వేసింది. మగ్గును కుళాయి అన్నచోట పెట్టింది. బాబాయ్, ఒక్కసారి కూర్చుని చూపించండి అంది.

నేనెందుకమ్మాయ్ అన్నాడు బాపయ్య. జాన్ బాషాను కూర్చోమన్నాడు. ఆదాంను కూర్చోమన్నాడు. హైవే మీద బస్సులు పోతున్నాయి, అందరూ చూస్తారన్నాడు. రాకెట్టులో అయితే ఎవరూ చూడరులే, ఇక్కడ కూర్చో అని పేరయ్య అన్నాడు. ఇక తప్పక బాపయ్య పంచె సర్దుకుని ముగ్గు గీత దాటి, కొట్టు వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నీళ్లు తీసుకోండి" అంది జైనాబీ.

బాపయ్య కుడిచెయ్యి లేచింది. కుడి పక్కన ఏమీ లేదు. ఆ చెయ్యి పొట్ట మీదుగా అడ్డంగా ఎడమవైపు వెళ్లింది, పొట్ట అడ్డం వచ్చి సగంలో ఆగింది. నడుం తిప్పి చూశాడు, స్టూలు కిర్రుమంది. చివరికి ఎడమచెయ్యి వెళ్లి, మగ్గు అందుకుని, పైకెత్తింది. ఎత్తిన తర్వాత ఆయన ఆ చేతివంక చూసుకున్నాడు.

ఎడమచెయ్యి ఏ పనికో, మగ్గు పట్టుకునే చెయ్యి ఏదో ఆ రోడ్డు మీద పోయే ఏ చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. ఎదురుగా నిలబడి చూసినప్పుడు కుడిగా కనపడింది, తిరిగి కూర్చునేసరికి ఎడమ అయింది. అంతే సంగతి. అయితే ఆ సంగతి తెలియాలంటే మనిషి ఒక్కసారైనా కూర్చుని ఉండాలి.

"పైన అంతరిక్షంలో కుడిఎడమలు ఉండవేమోరా" అన్నాడు పేరయ్య. ఆదాం నవ్వును టీగ్లాసులో దాచుకోబోయి పొలమారాడు.

జైనాబీ నవ్వలేదు. మగ్గు ఆయన చేతిలోంచి తీసుకుంది. గొంతు తగ్గించి, అది అందరికీ వినపడుతుందన్న సంగతి తెలిసే, అడిగింది.

"బాబాయ్, మీరు ఇంతవరకు ఒక్కసారైనా ఇలాంటి సీటు మీద కూర్చున్నారా?"

మిల్లు గేటు దగ్గర వరసలో మొదటి లారీ స్టార్టయి లోపలికి పోయింది. బాపయ్య ఆ గేటు వైపు చూశాడు.

"మిల్లులో మేనేజరు గారికి ఉండేది" అన్నాడు చివరికి. "గొట్టం కారినప్పుడల్లా నేనే బాగుచేసేవాణ్ని. ముప్పై ఏళ్లు. నేను బయటికి రాగానే ఆయన తాళం వేసుకునేవాడు."

ఎదురుగా నిలబడి, కుడిచేత్తో పానా పట్టుకుని, ముప్పై ఏళ్లు చూసిన కుళాయి అది. ఆ వైపు నుంచి చూస్తే ఆయన గీసింది సరైనదే.

జాన్ బాషా లేచాడు. తలుపు గోడ వైపున్న ముగ్గును చెప్పుతో చెరిపి, దానికి ఎదురుగోడ వైపు కొత్తగా చుక్క పెట్టాడు. ఈసారి నోరు తెరిచి, ఇక్కడ పెడితే నేలకు అడుగున్నర ఎత్తులో బాగుంటుందక్కా, వంగక్కర్లేదు అన్నాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఆ మధ్యాహ్నం అదే మొదలు. జైనాబీ మగ్గు అక్కడ పెట్టి, మళ్లీ తీసుకోమంది. బాపయ్య కుడిచేత్తో తీసుకున్నాడు. నడుం తిరగలేదు.

సరే అయిపోయిందిగా అని ఆయన లేవబోయాడు. లేవలేకపోయాడు. అరవై అయిదేళ్ల మోకాళ్లు, ముందుకు వచ్చిన పొట్ట, ఎత్తు తక్కువ స్టూలు. ఎడమచెయ్యి తొడ మీద వేసి ఒత్తాడు. కుడిచెయ్యి పక్కన గాల్లో పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని తడిమింది. అక్కడ గోడ లేదు, ముగ్గు గీతే ఉంది.

జైనాబీ చూపు ఆ చేతి మీద ఆగిపోయింది. పది రోజులుగా ఆమెకు ఎంతకీ తట్టనిది అదే. కూర్చోవడం గురించి ఆలోచించింది, జారడం గురించి ఆలోచించింది. పొట్టతో ఉన్న పిల్ల ఎలా లేస్తుందన్నది ఆలోచించలేదు.

"బాబాయ్, ఆ చెయ్యి అక్కడే ఉంచండి" అంది. "జాన్ బాషా, టేపు పెట్టు. అక్కడ గోడకు ఒక ఇనప రాడ్డు బిగించాలి."

సగం లేచి సగం వంగి, చెయ్యి గాల్లో చాచి, బాపయ్య కదలకుండా ఉండిపోయాడు. ఒంగోలు బస్సు ఒకటి నెమ్మదిగా పోతూంటే కిటికీల్లోంచి జనం చూశారు. ఆదాం ఏదో అనబోతే జైనాబీ అతని వైపు చూసింది. పేరయ్య తన బస్సు వచ్చి వెళ్లిపోయిన సంగతి పట్టించుకోలేదు.

జాన్ బాషా నేల నుంచి ఆయన అరచేతి దాకా కొలిచి, ఇరవై ఏడంగుళాలన్నాడు.

"ఒక్కసారి కొలిస్తే చాలదు" అంది జైనాబీ. "మళ్లీ కూర్చుని లేవండి బాబాయ్."

బాపయ్య మళ్లీ కూర్చున్నాడు. ఈసారి చెప్పకముందే, టేపు కోసం చెయ్యి చాచి లేచాడు.